రాగి జావ, రాత్రి నిద్ర

చెలిమో నా దగ్గరికి వచ్చింది సలహా కోసం కాదు, తోడు కోసం. ఆ తేడా గ్రహించడానికి నాకు కొంత సమయం పట్టింది.

"పెద్దాయనా, రేపు ఆఫీసులో కెరుబో మేడంతో మాట్లాడాలి. మీరు పక్కన కూర్చుంటే చాలు. ఏం మాట్లాడక్కర్లేదు," అంది గుమ్మంలో నిలబడే.

"నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతనైతే మా ఆవిడ ఇంకొంచెం సుఖపడేది. ఏ విషయం?"

"రాత్రి షిఫ్టు వద్దని అడగాలి."

కొండమీది ఆ టీ ఫ్యాక్టరీలో, రుచి పరీక్షించే గదిలో నా ఉద్యోగజీవితమంతా గడిచింది. విరమించిన తర్వాత కూడా, అధికారి ముందుకు ఒంటరిగా వెళ్లడానికి జంకేవాళ్లకు యూనియన్ నన్ను తోడిచ్చి పంపుతూ ఉంటుంది. చెలిమో పని ఆకు వాడబెట్టే అంతస్తులో. మధ్యాహ్నం మొదలు తోటల నుంచి లారీల్లో వచ్చే పచ్చి ఆకును పొడవైన తొట్లలో పరిచి, అడుగు నుంచి పంకాల గాలి పంపి, తెల్లవారేసరికి అది సరిగ్గా వాడేలా చూడాలి. తిరగెయ్యాలి, పిడికిట నొక్కి చూడాలి, గాలి పెంచాలో తగ్గించాలో తేల్చుకోవాలి. ఆ పనిలో ముఖ్యభాగం రాత్రిపూటే జరుగుతుంది. ఆ అంతస్తులో పనిచేస్తూ రాత్రులు వద్దనడం, చేపలు పట్టేవాడు నీళ్లు వద్దన్నట్టు ఉంటుంది.

అయినా ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు.

మూడేళ్ల కిందట చెలిమోకు మెదడు మలేరియా వచ్చిందని ఫ్యాక్టరీ అంతా నమ్మింది. అత్తవారు అలా చెప్పారు. నిజానికి అప్పుడు వరసగా రాత్రి షిఫ్టులు పడ్డాయి. పగలు నిద్ర పట్టడం మానేసింది. కొన్నాళ్లకు అసలు నిద్రే అక్కర్లేదనిపించింది. మాట వేగం పెరిగింది. ప్రతి విషయమూ మహా స్పష్టంగా, మహా అందంగా కనిపించసాగింది. ఒక తెల్లవారుజామున, ఆకుకు చలి వేస్తోందని పంకాలన్నీ ఆపేసి, తోటి ఆడవాళ్లు ఒంటికి చుట్టుకునే లెసో గుడ్డలు తెచ్చి తొట్ల మీద కప్పింది. ఆకంతా మగ్గిపోయింది. పట్నం ఆసుపత్రిలో చాలాకాలం ఉంచారు. మనసు ఒకసారి అందనంత ఎత్తుకు లేచి, మరోసారి లేవలేనంత లోతుకు పడే జబ్బు అది. మాత్రలు సగం వైద్యం, రాత్రి నిద్ర మిగతా సగం అని డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చాక పగటి పనే ఇచ్చారు. ఈ ఏడాది షిఫ్టుల కొత్త వరస వేసి మళ్లీ రాత్రులకు తిప్పారు.

కెరుబో సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి. కిసీ ప్రాంతపు పిల్ల, మా వైపుకు కొత్త. నియమాలు చదివిన మనిషి, చదివినదాన్ని పాటించాలనుకునే మనిషి కూడా. ఈ రెండూ ఒకచోట కనబడటం అరుదు.

చెలిమో డాక్టరు కాగితం బల్లమీద పెట్టి, దానిమీద చెయ్యి తియ్యకుండా, "మేడం, ఇది మీరొక్కరే చదవాలి," అంది.

కెరుబో చదివింది. "అయితే మలేరియా కాదన్నమాట."

"కాదు."

"ఎవరెవరికి తెలుసు?"

"మా ఆయనకి, ఈ పెద్దాయనకి. ఇప్పుడు మీకు."

"మీ అత్తగారికి?"

"ఆవిడకి మలేరియా అనే తెలుసు. ఆ మాట పుట్టించింది ఆవిడే. చెప్పగా చెప్పగా ఆవిడే నమ్మేసింది."

కెరుబో నవ్వబోయి ఆపుకుంది. "సరే. నీకేం కావాలో విడమరిచి చెప్పు."

"రాత్రి నా ఇంట్లో, నా మంచం మీద పడుకోవాలి. అంతే. పని తగ్గించమనట్లేదు. పగలు ఎంతైనా చేస్తాను. మొన్న రాత్రులు చేసిన వారం నుంచి ఆలోచనలు మళ్లీ పరుగు మొదలెట్టాయి. ఈసారి లోపలికెళ్తే ఎప్పుడు బయటికొస్తానో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు."

"ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు?"

"నేను మానిన రాత్రి ఇంకొకళ్లు చెయ్యాలిగా మేడం."

"అడిగే హక్కు నీకుంది. వీలైనంత మేరకు సర్దాల్సిన బాధ్యత మాకుంది. కారణం ఈ గది దాటదు," అంది కెరుబో.

వారం తిరక్కుండా మేనేజరు ఒప్పుకున్నాడు. నోటీసు బోర్డు మీద ఒక్క వాక్యం వెలిసింది: వైద్యుని సలహాపై చెలిమో కొస్కెకు రాత్రి విధుల నుంచి మినహాయింపు. జబ్బు పేరు లేదు, ఊహకు తావు లేదు. నేను ఆ వాక్యాన్ని మెచ్చుకున్నాను. ఆ కట్టడంలో ఎంత పెద్ద కన్నం ఉందో కెరుబోకు తెలియకపోవడం సహజం. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తట్టకపోవడం మాత్రం విచిత్రం.

ఆ ఫ్యాక్టరీ మొదలైన నాటినుంచి ఆ వాక్యం ఒకే రకం మనుషుల కోసం బోర్డెక్కింది.

కొద్ది రోజులకు చెలిమో మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలో నిలబడలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మొన్న పెద్ద గిన్నెడు రాగి జావ. నిన్న జావతో పాటు సొరబుర్రలో పులియబెట్టిన పాలు. బుట్ట ఎత్తబోతే లాక్కున్నారు. మెట్లెక్కుతుంటే జబ్బ పట్టుకున్నారు. పెద్దాయనా, నేను కడుపుతో ఉన్నానట."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అదే కదా గొడవ! అంటే కాదని చెప్పేదాన్ని."

మా వైపు కడుపులో ఉన్న బిడ్డ సంగతి పైకి అనరు. అడగరు, అభినందించరు, నెలలు లెక్కపెట్టరు. అన్న మాట చెడు చెవిన పడుతుందని భయం. చుట్టూ ఉన్న చేతులు మాత్రం బరువులు అందుకుంటాయి, గిన్నెలు వస్తాయి. ఈ మౌనం వెనకున్న నమ్మకాన్ని నేను జీవితమంతా ఎగతాళి చేశాను. దాని మర్యాదను మాత్రం ఎగతాళి చెయ్యలేకపోయాను. ఇప్పుడా మర్యాదే చెలిమో చుట్టూ గోడ కట్టింది. ఎవరూ అనని మాటను ఎవరితో కాదనాలి?

"ఒకసారి ప్రయత్నం చేశాను," అంది చెలిమో. "'నేను మామూలుగానే ఉన్నానమ్మా, నాకేం లేదు' అని చెరోనో వాళ్లమ్మతో అన్నాను. 'అలాగే అనాలి తల్లీ' అని ఇంకో గరిటె పోసింది."

చెరోనో వాళ్లమ్మ ఆ జట్టుకు పెద్ద. పేరుకు మేస్త్రీ వేరే ఉన్నాడు. ఆమె కనుసన్న లేకుండా ఆ అంతస్తులో పంకా తిరగదు.

నాకు తోచినది చెప్పాను. "నువ్వు అబద్ధం ఆడలేదు. వాళ్లు తప్పుగా ఊహించుకున్నారు. ఊహ వాళ్లది, నిద్ర నీది. నిద్ర పడుతోందా?"

"పడుతోంది. ఆలోచనలు కూడా నెమ్మదించాయి."

"అయితే ఉండనీ."

"ఏడో నెలకి పొట్ట ఎక్కడ్నించి తేను? దిండు కట్టుకోనా?"

"అంతదాకా ఎందుకు? నిలవలేదని..."

"లేని బిడ్డ కోసం ఏడవమంటారా?" చెలిమో నా వైపు సూటిగా చూసింది. "నేను ఏడిస్తే వాళ్లూ వచ్చి నాతో కూర్చుని ఏడుస్తారు. చెరోనో వాళ్లమ్మ కడుపున ఇద్దరు నిలవలేదు. ఆవిడ చేత దొంగ ఏడుపు ఏడిపించమంటారా?"

నా తర్కంలో దోషం లేదనే అనుకున్నాను. అయినా దాన్ని వదిలేశాను.

"మరి నిజం చెప్పెయ్," అన్నాను.

"చెప్తే పిచ్చిదాన్నవుతాను. పిచ్చిదాన్ని పంకాల మీటల దగ్గర ఉండనిస్తారా? కాగితం మేడం ఇచ్చింది, కాదనను. రాత్రులు చేసేది మేడం కాదుగా. జట్టు మనసు విరిగితే నాలుగు రోజుల్లో నన్ను మళ్లీ రాత్రికి దింపే దారులు బోలెడు."

అలా ఆమె ఊరుకుంది. జావ తాగింది, నిద్రపోయింది. ఆ ఊరుకోవడం ఇంకెన్నాళ్లు సాగేదో తెలియదు గాని, ఒక పొద్దున పని ఎక్కడానికి వెళ్తూ, రాత్రి షిఫ్టు దిగిపోతున్న చెముతాయ్‌ను ఆమె బాయిలరు కట్టెల గుట్ట వెనక చూసింది. చెముతాయ్ కొత్తగా చేరిన చిన్నపిల్ల, కొత్త కోడలు. గుట్టకు చెయ్యి ఆనించి వాంతి చేసుకుంటోంది.

మిగతాది చెలిమో నాతో చెప్పినదే.

"నువ్వు ఆఫీసుకెళ్లి అడుగు," అందట ఈమె.

చెముతాయ్ మూతి తుడుచుకుని, "నువ్వున్నావుగా అక్కా. నీ తర్వాతే నేను," అందట.

ఇది ఏ కాగితం మీదా లేని నియమం. ఒక జట్టు ఒక సమయంలో ఒకరి రాత్రులనే మోస్తుంది. ఇద్దరు తగ్గితే మిగిలినవాళ్ల నడుములు విరుగుతాయి. అందుకని రెండో ఆమె నోరు మూసుకుని తన వంతు కోసం ఆగుతుంది. ఆడవాళ్లు తమలో తాము పెట్టుకున్న న్యాయం అది. అన్ని న్యాయాల మాదిరే, లెక్కలో ఒక తప్పు చేరితే అది ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.

"నా నిద్ర కోసం ఆ పిల్ల రాత్రులు చేస్తోంది పెద్దాయనా," అంది చెలిమో. "రేపు పొద్దున రాత్రివాళ్లు దిగే టీ వేళకి కట్టెల షెడ్డు దగ్గరికి రండి."

"నేను మాట్లాడాలా?"

"వద్దు. నేను మధ్యలో ఆగిపోతే మాట్లాడండి."

ఆగిపోతే ఏం చెప్పాలో ఆ సాయంత్రం సిద్ధం చేసుకున్నాను. మెదడు గురించి, నిద్ర గురించి, ఎవరికైనా అర్థమయ్యే ఉపమానాలతో, చక్కటి ప్రసంగం.

షెడ్డులో ఆడవాళ్లు దుంగల మీద కూర్చున్నారు. సత్తు గ్లాసుల్లో పాలు పోసి మరిగించిన టీ. నన్ను చూసి రాయెల్ అనే ఆవిడ, "పెద్దాయన వచ్చాడంటే యూనియన్ చందా పెరిగినట్టే," అంది. రాయెల్ మంచి పనిమంతురాలు, గట్టి భక్తురాలు, నాకు పాత ప్రత్యర్థి.

చెరోనో వాళ్లమ్మ ఎప్పటిలాగే జావ గిన్నె చెలిమో చేతికిచ్చింది. చెలిమో దాన్ని నేలమీద పెట్టింది.

"ఈ జావ నాకు రావాల్సింది కాదమ్మా. నేను కడుపుతో లేను."

అనకూడని మాట పైకి వచ్చేసింది. ఎవరో పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మారు, చెడు తగలకుండా. చెలిమో ఆగలేదు.

"మూడేళ్ల కింద నాకు వచ్చింది మలేరియా కాదు. నాకు మతి చెదిరింది. పట్నంలో ఉంచింది మతి చెదిరినవాళ్లని ఉంచే వార్డులో. రాత్రి నిద్ర లేకపోతే మళ్లీ చెదురుతుంది. అందుకే డాక్టరు రాత్రులు మాన్పించాడు. మీరు వేరే అనుకున్నారు. నేను ఊరుకున్నాను. ఊరుకుని మీ జావ తాగాను."



"నా లెసో ఆకుకి కప్పావు ఆవేళ," అంది ఒకామె. "ఎన్ని ఉతుకులు ఉతికినా ఇప్పటికీ టీ వాసనే. మా ఆయన 'ఒంటిమీద గుడ్డేనా, కాచుకు తాగేదా' అంటాడు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వుకు చెలిమో ముఖంలో ఏం మారిందో చెప్పలేను. ఆమె నేల చూస్తోంది.

"అది జబ్బు కాదు, దుష్టాత్మ," అంది రాయెల్. "మా పాస్టరు దగ్గర మూడు ఆదివారాలు కూర్చుంటే..."

నా ప్రసంగానికి సమయం వచ్చిందనుకున్నాను. "రాయెల్, మెదడన్నది కూడా కాలేయంలాగే ఒక అవయవం..."

"పెద్దాయనా, మీ పుస్తకం తర్వాత విప్పుదురు," అంది చెరోనో వాళ్లమ్మ. "నీ పాస్టరు కూడా తర్వాతే రాయెల్. ముందు రాత్రి జట్టు సంగతి తేలాలి." ఆమె చెలిమో వైపు తిరిగింది. "ఇది ఎన్నాళ్లకి తగ్గుద్ది?"

"తగ్గదమ్మా. మాత్రలతో, నిద్రతో అణిగి ఉంటుంది."

"అంటే బతికున్నంతకాలం రాత్రులు చెయ్యవు."

"చెయ్యను."

"కడుపైతే కొన్ని నెలలు మోస్తాం. మోసినందుకు చివర్న పిల్ల మొహం చూస్తాం. దీనికి ఏం చూడాలి?"

క్రూరమైన ప్రశ్న అది. ఆమె క్రూరంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఏమీ ఉండదమ్మా," అంది చెలిమో. "నేను మామూలుగా ఉంటాను. అంతే."

చెరోనో వాళ్లమ్మ టీ గ్లాసు ఖాళీ చేసి, అడుగున మిగిలిన మడ్డి విదిలించింది. "బతికున్నంతకాలం ఊరికే మొయ్యడం ఇంటోళ్ల పని. జట్టు మొయ్యదు, మార్చుకుంటుంది. నీ రాత్రులు మేం తీసుకుంటే, నువ్వేం తీసుకుంటావు?"

చెలిమో తలెత్తింది. ఈ ప్రశ్నను ఆమె ఊహించలేదని నాకు తెలుసు. దయ చూపుతారా, వెలివేస్తారా అని మాత్రమే ఆలోచించి వచ్చింది, నేనూ అంతే. ఇది మూడో దారి.

"ఆదివారం పగళ్లు," అంది నెమ్మదిగా. "ఎవరి వంతైనా సరే నేను చేస్తాను. సంత రోజు కూడా. క్రిస్మస్ నాడు కూడా."

"ఆదివారాలన్నీనా?" అంది రాయెల్ వెంటనే.

"అన్నీ."

"ఏం రాయెల్, దుష్టాత్మ ఆదివారాలు పనికొస్తానంటోంది, ఒప్పుకుంటావా?" అంది లెసో ఆవిడ.

"నేను ప్రార్థనకెళ్లేది కూడా దీని కోసమేలే," అంది రాయెల్, నవ్వకుండా. ఆమె ఒప్పుకుందని అందరికీ అర్థమైంది.

"ఇంకోటుంది," అంది చెరోనో వాళ్లమ్మ. "మళ్లీ ఆకుకి గుడ్డలు కప్పే బుద్ధి పుడితే మాకు ముందే తెలియాలి. ఎట్లా తెలుస్తుంది?"

"మాట తొందరపడుతుంది. తిండి మానేస్తాను. బాగా సంతోషంగా ఉంటాను."

"సంతోషంగా ఉంటే మేం భయపడాలన్నమాట."

"మరీ ఎక్కువగా ఉంటే."

"అప్పుడు మీట మీద నీ చెయ్యి ఉండదు. మేం వెళ్లమంటే ఎదురు చెప్పకుండా ఇంటికి, అక్కణ్నించి డాక్టరు దగ్గరికి. సరేనా?"

"సరే."

చెలిమో పక్కన కూర్చున్న ఒకామె తన గ్లాసు తీసుకుని లేచి, అవతలి దుంగ మీదికి మారింది. ఎవరూ ఆపలేదు. చెరోనో వాళ్లమ్మ నేలమీది జావ గిన్నె తీసి, మూత సర్ది, ఎదురుగా కూర్చున్న చెముతాయ్ ఒళ్లో పెట్టింది. ఎందుకని ఎవరూ అనలేదు. చెముతాయ్ తాగింది. మా మర్యాద మళ్లీ తన స్థానంలో కూర్చుంది.

కెరుబోకు ఈ సంగతి చెప్పడానికి చెలిమో, చెరోనో వాళ్లమ్మ కలిసి వెళ్లారు. నా తోడు అవసరపడలేదు. గది దాటదని తాను మాటిచ్చిన రహస్యం కట్టెల షెడ్డులో తేలిపోయినందుకు కెరుబో మొదట కంగారుపడిందట. తర్వాత ఆదివారాల మార్పు విని, నియమాల ప్రకారం చూస్తే 'బదులుగా ఏం చేస్తావు' అని తాను ఆ మొదటిరోజే అడగవలసిందని ఒప్పుకుందట. మరునాడు బోర్డు మీద పాత వాక్యమే చెముతాయ్ పేరుతో వెలిసింది.

నేను సంతోషించినంత మార్పేమీ జరగలేదని కూడా చెప్పాలి. రాయెల్ ఇప్పటికీ అది దుష్టాత్మే అంటుంది. దుంగ మారిన ఆమె మళ్లీ చెలిమో పక్కకు రాలేదు. చెలిమో అత్తగారు ఇరుగుపొరుగుకు మలేరియా కథే చెబుతోంది, కొత్త వివరాలు చేర్చి. మనుషుల నమ్మకం మారితే తప్ప నడక మారదని ఎన్నో సభల్లో వాదించిన వాణ్ని. ఇక్కడ వాళ్ల వంతులు మారాయి, నమ్మకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంత కాలం వాదించినదాన్ని ఒక్క ఫ్యాక్టరీని చూసి వదులుకోను గాని, ఈ ఉదాహరణ నన్ను వదలడం లేదు.

మొన్న పొద్దువాలే వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆకు లారీలు వరసగా వస్తున్నాయి. పగటివాళ్లు దిగిపోతున్నారు, రాత్రివాళ్లు ఎక్కుతున్నారు. చెలిమో భుజాన సంచితో బయటికి వస్తుంటే, లోపలికి వెళ్తున్న రాయెల్ ఆపింది.

"ఈ ఆకు ఒకసారి చూసి పో."

చెలిమో లారీ అంచు నుంచి పిడికెడు తీసి నొక్కి, గుప్పిట విప్పింది. ఆకు అరచేతికి అంటుకుంది. "వానాకు ఇది, నీళ్లు బాగా పట్టింది, మందంగా పరవకండి, మొదట చల్లగాలే పెట్టండి, వేడి తొందరపడి పెట్టారంటే పైన ఎండి లోపల పచ్చిగా..."

రాయెల్ ఆకును చూడటం మానేసి చెలిమోను చూస్తోంది. "నీ మాట వేగంగా వస్తోంది."

చెలిమో ఆగింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో కోపం కనబడింది. ఆకు గురించి ఒక్క వాక్యం ఆత్రంగా చెప్పే హక్కు కూడా తనకు పోయిందా అన్న కోపం. తర్వాత ఊపిరి తీసుకుంది.

"ఇంటికెళ్లే లారీ తప్పిపోతుందని తొందర," అంది. ఆ తర్వాత అదే సంగతి మొదటి నుంచి చెప్పింది, మాటకూ మాటకూ మధ్య చోటిస్తూ. "వానాకు. పల్చగా పరవండి. ముందు చల్లగాలి." ఆగి అడిగింది. "ఇప్పుడు?"

రాయెల్ కొంచెంసేపు ఆలోచించింది.

"ఇప్పుడు బాగుంది. తిన్నావా పొద్దున?"

"తిన్నాను."

"అయితే పో. పోయి పడుకో."

చెలిమో అరచేతికి అంటుకున్న ఆకును లంగాకు తుడుచుకుని, కదలబోతున్న లారీ వైపు నడిచింది. రాయెల్ కొత్త ఆకు వెంట లోపలికి వెళ్లింది.